రాజుగారి ఓడా, వర్తకుడి ఓడా: 1755 నాటి నావికుడికి ఏది మేలు?

1755 జూన్‌లో తర్వాత పసిఫిక్ యాత్రలతో పేరు పొందిన జేమ్స్ కుక్ చేసిన పని చూసి ఇంగ్లండ్‌లోని విట్బీ రేవులో చాలామంది ముక్కున వేలేసుకుని ఉంటారు. బొగ్గు ఓడల్లో పని నేర్చినవాడు, ఒక ఓడను నడిపే బాధ్యతే చేతికి వస్తుంటే కాదని, లండన్‌లోని వాపింగ్‌కు వెళ్లి రాజుగారి నౌకాదళమైన రాయల్ నేవీలో మామూలు నావికుడిగా చేరాడు. అప్పుడు అతనికి 26 ఏళ్లు. ఫ్రాన్స్‌తో యుద్ధం ముంచుకొస్తోంది. మనుషులు చాలక నేవీ మనిషిని చూస్తే పట్టుకుపోతున్న రోజులవి.

జీతం ఒక్కటే చూస్తే అది తెలివితక్కువ పనే. నేవీలో పని తెలిసిన నావికుడికి 28 రోజుల నెలకు 24 షిల్లింగులు. 1653లో ఖాయమైన ఈ జీతం మళ్లీ పెరగడానికి 1797 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడైనా నేవీ ఓడలు ఆగే స్పిట్‌హెడ్‌లో నావికులు లంగరెత్తేది లేదని మొండికేస్తేనే పెరిగింది. పైగా మనిషి పారిపోకుండా కొన్ని నెలల జీతం ఎప్పుడూ బకాయి పెట్టేవారు. వర్తక ఓడల్లో శాంతికాలంలోనే ఇంతకంటే కాస్త ఎక్కువ వచ్చేది, యుద్ధం వస్తే రెండింతలు దాటేది. కానీ ఓడ మునిగిందా, యజమానికి సరుకు కిరాయి రాదు కనుక నావికుడికి జీతమూ రాదు. ప్రాణాలతో ఈదుకొచ్చినవాడు ఒట్టి చేతులతో ఇంటికి పోవాల్సిందే!

తిండి దగ్గర నేవీదే పైచేయి అంటాను. వారానికి ఏడు పౌన్ల ఎండు బిస్కట్టు, నాలుగు పౌన్ల ఉప్పు గొడ్డుమాంసం, రెండు పౌన్ల పందిమాంసం, బఠాణీలు, రోజుకో గాలన్ బీరు. వారంలో నాలుగు రోజులు మాంసం తినే పొలం కూలీలు ఇంగ్లండ్‌లో అప్పట్లో ఎందరుంటారు? అయితే ఓడ గుమాస్తా తూకంలో పౌనుకు 16 ఔన్సులు కాదు, 14 ఔన్సులే. వర్తక ఓడలో మాత్రం అంతా యజమాని మనసును బట్టి.

పని కూడా నేవీలోనే తేలిక. 74 ఫిరంగుల ఓడలో సుమారు 600 మంది ఉంటే, 300 టన్నుల వర్తక ఓడలో ఇరవై మంది ఉంటే గొప్ప. ఫిరంగుల కోసం పెట్టిన ఆ జనమే తెరచాపలు లాగడానికీ పనికొచ్చేవారు. అర్ధరాత్రి గాలివానలో ఆ తేడా నావికుడి భుజాలకు తెలుస్తుంది. అయితే ఆ గుంపు మధ్య పడుకోవడానికి మనిషికి దక్కేది 14 అంగుళాల వెడల్పు.

ఇక చావు సంగతి. ఫ్రాన్స్‌తో సాగిన ఆ ఏడేళ్ల యుద్ధంలో నేవీ చేర్చుకున్నవారు దాదాపు 1,85,000 మంది. పోరులో చచ్చినవారు 1,512 మందే. రోగాలతో పోయినవారూ, జాడ లేకుండా పోయినవారూ కలిసి 1,33,000 పైచిలుకు. 1747లోనే నేవీ వైద్యుడు జేమ్స్ లిండ్ నారింజ, నిమ్మపళ్లతో స్కర్వీ (తాజా తిండి లేక చిగుళ్లు పాడై మనిషి కుంగిపోయే రోగం) తగ్గుతుందని చూపించినా, నేవీ అంతటా నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. అలాగని వర్తక ఓడలన్నీ ఒకటి కావు. లివర్‌పూల్, బ్రిస్టల్ నుంచి వెళ్లే బానిసల ఓడల్లో నావికులే ఐదుగురిలో ఒకరు చనిపోయేవారు. అడుగు అరలో గొలుసులతో ఉన్నవారి గతి ముందు అసలు ఈ లెక్కే చిన్నబోతుంది.

నేవీ చూపే పెద్ద ఆశ శత్రు ఓడల సొమ్ములో వాటా. 1762లో స్పెయిన్ ఓడ హెర్మియోన్‌ను పట్టినప్పుడు మామూలు నావికుడికి కూడా 480 పౌన్లకు (డబ్బు లెక్కలో పౌనుకు 20 షిల్లింగులు) పైగా దక్కింది. అంటే దాదాపు ముప్పై ఏళ్ల జీతం. దాన్ని నమ్ముకుని నేవీలో చేరడమంటే లాటరీని నమ్ముకుని ఇల్లు కట్టడమే.

ముసలితనంలో తలదాచుకోవడానికి నేవీవారికి గ్రీనిచ్ ఆసుపత్రి ఉండేది. దానికోసం నెలనెలా ఆరు పెన్నీల కోత మాత్రం వర్తక నావికుడికీ తప్పదు!

శాంతికాలమైతే నా ఓటు న్యూకాసిల్, లండన్ మధ్య తిరిగే బొగ్గు ఓడకే. చిన్న ప్రయాణాలు, చేతికందే డబ్బు, అప్పుడప్పుడూ ఇంటి మొహం. యుద్ధకాలంలో ఆ ఎంపిక సగం మన చేతుల్లో ఉండదు. నెలల తరబడి తిరిగి వచ్చిన ఓడ థేమ్స్ ముఖద్వారం చేరగానే ప్రెస్ గ్యాంగ్ (నావికులను బలవంతంగా పట్టే నేవీ ముఠా) ఎక్కి, ఇల్లు కూడా చూడనివ్వకుండా మనుషులను నేవీకి తోలుకుపోయేది. ఓడ నడిపే విద్య తెలిసిన కుక్‌కు నేవీ నిచ్చెన అయింది, రెండేళ్లకే మాస్టర్ (ఓడకు దారి చూపే అధికారి) పరీక్ష గట్టెక్కాడు. ఆ విద్య లేనివాడు ప్రెస్ గ్యాంగ్ కంటపడేదాకా బొగ్గు ఓడలో పెద్ద జీతం తీసుకోవాలి. పట్టుబడే రోజున మాత్రం మొండికెయ్యకుండా, తానే ఇష్టపడి చేరుతున్నానని పేరు రాయించుకోవాలి. అలా చేరినవారికే ప్రోత్సాహక సొమ్ము దక్కేది.