‘గుండెకు మేలు’ అని రాసి అమ్ముతున్న గుడ్ల డబ్బా: నాచారం మెడికల్ షాపు నుంచి ఒక రివ్యూ

ఆరు గుడ్ల డబ్బా 108 రూపాయలు. మా షాపు పక్క కిరాణాలో విడి గుడ్డు ఏడు రూపాయలు, ట్రే తీసుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. అంటే గుడ్డుకి రెండున్నర రెట్లు పెడుతున్నాం. ఆ పైడబ్బులు దేనికో తేల్చుకుందామని తెప్పించాను. కంపెనీ పేరు రాయను. ఇదే మాట మీద అమ్ముడుపోతున్న డబ్బాలు యాప్‌లో వరసగా ఉన్నాయి, ఒక్కరినే పట్టుకుని ఏం లాభం?

నాది మెడికల్ షాపు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలతోనే గల్లా నడుస్తుంది. కొలెస్ట్రాల్ మాత్ర అటార్వాస్టాటిన్ స్ట్రిప్ కవర్లో వేస్తుండగానే అడుగుతారు: “అన్నా, గుడ్డు తినొచ్చా? ఎన్ని తినొచ్చు?” ఈమధ్య దానికో తోక తగిలింది. “గుండెకు మంచి గుడ్లంట గదా, అవైతే ఎన్నైనా తినొచ్చంట?” అని.

ముందు డబ్బా సంగతి. అట్టపెట్టె గట్టిగానే ఉంది. అయినా ఒక గుడ్డు చిట్లి వచ్చింది, ఫోటో పెడితే డబ్బులు వెనక్కి వేశారు. ప్యాకింగ్ తేదీ కనపడేలా ముద్రించారు, అది మెచ్చుకోవాలి; కిరాణా ట్రేకి ఆ భాగ్యం లేదు. నీళ్లలో వేస్తే అన్నీ అడుగున అడ్డంగా పడుకున్నాయి, అంటే తాజావే. పెంకు గోధుమ రంగు. చాలామంది అది నాటుగుడ్డనుకుని మురిసిపోతారు గానీ పెంకు రంగు కోడి జాతిని బట్టి వచ్చేదే, లోపలి పోషకాలకీ దానికీ సంబంధం లేదు. సొన మాత్రం ముదురు నారింజ రంగులో మెరిసిపోతోంది. మేతలో మొక్కజొన్న ఎక్కువైనా, బంతిపూల రేకుల సారం కలిపినా ఆ రంగు వచ్చేస్తుంది. ఫోటోకి బాగుంటుంది.

మా ఆవిడ రెండు డబ్బా గుడ్లు, రెండు కిరాణా గుడ్లు కలిపి పులుసు పెట్టింది. “ఏమండీ, ఏది పద్దెనిమిది రూపాయలదో చెప్పండి చూద్దాం” అంది. చెప్పలేకపోయాను. పొద్దున ఆమ్లెట్ వేసినప్పుడు మాత్రం డబ్బా గుడ్డుకి కొంచెం చేప వాసన తగిలింది. అవిసె గింజలు మేపిన కోళ్ల గుడ్లకి ఒక్కోసారి ఆ వాసన ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి పడితే తెలియదు.

ఇక అసలు విషయం డబ్బా వెనక ఉంది. ముందువైపు ఎర్రటి గుండె బొమ్మ, ‘ఒమేగా-3 150 మిల్లీగ్రాములు’ అని పెద్ద అక్షరాలు (ఒమేగా-3 అంటే చేపల్లో, అవిసె గింజల్లో ఉండే ఒక రకం మంచి కొవ్వు). వెనక్కి తిప్పి కళ్లజోడు పెట్టుకుంటే, చీమ తలకాయంత అక్షరాల్లో, 100 గ్రాములకి కొలెస్ట్రాల్ 370 మిల్లీగ్రాములు. మామూలు గుడ్డుకీ అంతే! పెంకు తీశాక యాభై గ్రాములుండే గుడ్డులో దాదాపు 185 మిల్లీగ్రాములు, అదంతా పచ్చసొనలోనే. కాబట్టి ‘ఇవైతే ఎన్నైనా’ అన్న మాటకి డబ్బా వెనకే జవాబుంది, వాళ్ల అచ్చులోనే.

ఒమేగా-3 అబద్ధం కాదు. కోడికి అవిసె గింజలు పెడితే అది గుడ్డులోకి వస్తుంది, అందులో కొంత డీహెచ్ఏగా, అంటే చేపల్లో ఉండే, ఒంటికి నేరుగా పనికొచ్చే రకంగా కూడా మారుతుంది. అవిసెలో డీహెచ్ఏ ఉండదు, అంతవరకు కోడికి మార్కులు వేయాలి. కానీ గుడ్డులో ఎక్కువ భాగం గింజల్లో ఉండే మామూలు ఏఎల్ఏ రకమే. మనింట్లో అన్నంలో కలుపుకునే అవిసె గింజల కారప్పొడి ఉందే, అందులో పెద్ద చెంచాడు, అంటే ఏడు గ్రాముల అవిసె పొడి పడితే, ఏఎల్ఏ 1,600 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. డబ్బా మీద గొప్పగా వేసుకున్న అంకెకి పది రెట్లు. గింజలు పావుకిలో కొన్నా ఈ డబ్బా ఖరీదంత కాదు.

సరే, మరి ఎన్ని తినాలి? డాక్టర్లే మాట మారుస్తారని కస్టమర్లు విసుక్కుంటారు. వాళ్ల విసుగులో న్యాయం లేకపోలేదు. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దంది. 2015 నాటి అమెరికా ఆహార మార్గదర్శకాల్లో రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అన్న గీత తీసేశారు. 2019 మార్చిలో అమెరికా వైద్య పత్రిక జామాలో ఇంకో లెక్క వచ్చింది: దాదాపు ముప్ఫై వేలమంది అమెరికన్లని ఏళ్ల తరబడి గమనిస్తే, రోజుకి అదనంగా అరగుడ్డు తిన్నవాళ్లలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఆరు శాతం ఎక్కువ కనిపించింది. మరుసటేడు బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన విశ్లేషణలో రోజుకో గుడ్డు వరకు ముప్పు పెరిగినట్టు కనపడలేదు, ఆసియా దేశాల వాళ్లలో కాస్త తక్కువగానే తేలింది. ఇవన్నీ తిన్నవాళ్లని చూసి రాసుకున్న లెక్కలు. పళ్లెంలో గుడ్డు పక్కన ఏముందో వాటిలో పూర్తిగా విడదీయడం కష్టం. అమెరికాలో పక్కన బేకన్, సాసేజ్. ఇక్కడ పులుసో, వేపుడో.

ఇంత గొడవలోనూ 2019 చివర్లో అదే హార్ట్ అసోసియేషన్ సలహాసంఘం చెప్పింది ఆచరించేలా ఉంది: ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకో గుడ్డు తినొచ్చు, కొలెస్ట్రాల్ సరిగ్గా ఉన్న పెద్దవయసు వాళ్లకి రెండైనా ఫరవాలేదు. మా షాపు నుంచి కూతవేటు దూరంలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పేరుతో ఎప్పటినుంచో వినపడే లెక్క తలకి ఏడాదికి 180 గుడ్లు, అంటే రోజు విడిచి రోజు ఒకటి. షుగర్ ఉన్నవాళ్లు, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు, స్టెంట్ పడ్డవాళ్లు ఈ లెక్కల్లోకి నేరుగా దూకకూడదు. వాళ్లకి నేను చెప్పేది వారానికి మూడు నాలుగు సొనలు, తెల్లసొన అడ్డులేకుండా, మూడు నెలల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) తీయించుకుని మీ డాక్టర్‌కి చూపించండి అని. గుడ్డు తిన్నప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్ ఒకరికి కదలదు, ఇంకొకరికి బాగా పెరుగుతుంది. రిపోర్ట్ చూస్తేనే తెలిసేది. మాత్ర వేసుకుంటున్నాం కదా అని అరడజను లాగించేవాళ్లూ ఉన్నారు, ఆ మాత్ర వాళ్లకి టికెట్టులాగా కనపడుతుంది.

డబ్బా అమ్మేవాళ్లు ఎక్కడా చెప్పని ముక్క ఇంకోటుంది. గుడ్డులో సంతృప్త కొవ్వు గ్రామున్నర పైచిలుకు, అంతే. ఒక పెద్ద చెంచా వెన్నలో ఏడు గ్రాములు. లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని తీసేసే పనిని మందగింపజేసేది ముఖ్యంగా ఈ కొవ్వే. మా సందు చివర సాయంత్రం బ్రెడ్ ఆమ్లెట్ బండి పెడతారు. పెనం మీద వెన్న గడ్డని అట్లకాడతో గీకి వేసి, అది నురగలు కక్కాక రెండు గుడ్లు, వాటి మీద బ్రెడ్డు, మళ్లీ అంచుల చుట్టూ వెన్న. మయోనైజ్ కూడా పూసేవాడు. 2024 అక్టోబర్ ఆఖర్లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించినప్పుడు చీజ్‌కి మారాడు. ఇంట్లో పద్దెనిమిది రూపాయల గుడ్డు ఉడకబెట్టుకుని, రాత్రికి బండి దగ్గర నిలబడే మనిషి నాకు బాగా తెలిసినాయనే. ఆయన గుండె లెక్కలో గుడ్డు చాలా చిన్న పద్దు.

మార్కులు: తాజాదనానికి ఐదుకి నాలుగు, రుచికి మూడు, ముందువైపు గుండె బొమ్మకి సున్నా. వెరసి రెండు. చేపలు ముట్టక గుడ్డు మాత్రం తినే ఇళ్లలో, డీహెచ్ఏ కోసం, డబ్బుకి ఇబ్బంది లేనివాళ్లు తీసుకుంటే తప్పులేదు. మిగతావాళ్లకి కిరాణా ట్రే చాలు, తేదీ అడిగి తీసుకోండి, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. వీళ్ల సేల్స్ కుర్రాడు మా షాపులో పెట్టమని మంచి మార్జిన్ చెప్పాడు. వెనకున్న కొలెస్ట్రాల్ అంకెని ఒమేగా అంకె పక్కన, అదే సైజులో వేస్తే పెడతానన్నాను.