105 క్రెడిట్లన్నారు, లెక్కలోకి వచ్చినవి 69: డిగ్రీ కంప్లీషన్ ప్యాకేజీలు కొనేవాళ్లకు హెచ్చరిక

అమెరికాలో ఉంటూ, మధ్యలో ఆగిపోయిన బ్యాచిలర్స్ డిగ్రీని పూర్తి చేసుకుందామనుకునేవాళ్లకు ఈమధ్య ఒక బేరం ఎదురవుతోంది. "మీ పాత కాలేజీ క్రెడిట్లు, మీ ఐటీ సర్టిఫికేషన్లు, మేమిచ్చే ఆన్‌లైన్ కోర్సులు కలిపి ఏడాదిలో పట్టా. మొత్తం గంపగుత్తగా ఇంత." డబ్బు ముందే కట్టాలి. ఆ డబ్బు కట్టేముందు ఇది చదవండి.

అసలు దారి అబద్ధం కాదు. న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ స్టేట్, న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్, కనెక్టికట్‌లో చార్టర్ ఓక్ స్టేట్ అచ్చంగా ఇలాంటివాళ్ల కోసమే 1970ల మొదట్లో పుట్టాయి. బయటి క్రెడిట్లను ఉదారంగా తీసుకుంటాయని వాటికి పేరు. మోసం దారిలో లేదు, "ఇవన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయండీ" అనే మాటలో ఉంది. యూనివర్సిటీ ఒక క్రెడిట్‌ను తీసుకుని ట్రాన్స్‌క్రిప్ట్ మీద రాసుకోవడం వేరు. ఆ క్రెడిట్ మీ డిగ్రీలో ఖాళీగా ఉన్న ఒక గడిని నింపడం వేరు. అమ్మేవాడు మొదటిది చూపిస్తాడు, పట్టా వచ్చేది రెండోదానితో.

లెక్క వేసి చూద్దాం. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీకి 120 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు 40. ప్యాకేజీ కాగితం మీద ఇలా ఉంటుందనుకోండి: పాత కాలేజీవి 45, ఆన్‌లైన్ కోర్సులు, క్లెప్ పరీక్షలు (కోర్సు చదవకుండానే, పాసైతే కాలేజీ క్రెడిట్ తెచ్చిపెట్టేవి) కలిపి 36, మూడు సర్టిఫికేషన్లకు 24. మొత్తం 105. "ఇంకో ఐదు కోర్సులే సార్" అంటారు.

ఇప్పుడు అదే కాగితం రిజిస్ట్రార్ చేతికి వెళ్లింది. పాత కాలేజీ, సెమిస్టర్ కంటే చిన్నదైన క్వార్టర్ పద్ధతిలో నడిచేది. క్వార్టర్ క్రెడిట్లను మూడింట రెండు వంతులుగా లెక్కగడతారు కాబట్టి 45 కాస్తా 30 అయ్యాయి. అందులో ఒక కోర్సుకు డి గ్రేడ్ వచ్చింది. చాలా కాలేజీలు సి కంటే తక్కువ గ్రేడ్ తీసుకోవు, 3 పోయి 27 మిగిలాయి. ఆన్‌లైన్, క్లెప్ బాపతు 36లో ఇంట్రొడక్టరీ సైకాలజీ రెండుసార్లు ఉంది, ఒకటి క్లెప్, ఒకటి ఆన్‌లైన్ కోర్సు. ఒకే సరుకుకు రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు, కాబట్టి 33. సర్టిఫికేషన్ల 24లో ఒకదానికి క్రెడిట్ సిఫార్సు (దీని సంగతి కింద చెబుతాను) వర్తించే తేదీల్లో పరీక్ష రాయలేదు, 6 పోయి 18. ఆ 18 కూడా ఫ్రీ ఎలెక్టివ్, అంటే ఏ సబ్జెక్టైనా పట్టే గడి, కింద తప్ప ఎక్కడా పట్టవు. ఫ్రీ ఎలెక్టివ్ గడులు 12 క్రెడిట్లకే ఉన్నాయి, వాటిలో 3 పాత కాలేజీ కోర్సుతో ముందే నిండాయి. లోపలికి వెళ్లినవి 9. మొత్తం 27, 33, 9 కలిపి 69. మిగిలింది 51 క్రెడిట్లు, అంటే 17 కోర్సులు. ఐదు కాదు.

ఆ 17 కోర్సులను కూడా చవక ఆన్‌లైన్ కోర్సులతో నింపుదామంటే రెండు గోడలు అడ్డొస్తాయి. ఒకటి రెసిడెన్సీ, అంటే పట్టా ఇచ్చే యూనివర్సిటీలోనే చదవాల్సిన కనీస క్రెడిట్లు. చాలాచోట్ల 30. రెండోది అప్పర్ లెవెల్, అంటే మూడో ఏడు, నాలుగో ఏడు స్థాయి కోర్సులు, మామూలుగా 30 నుంచి 45 క్రెడిట్ల దాకా అడుగుతారు. క్లెప్ పరీక్షలు కింది స్థాయివి. కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు కింది స్థాయివి. సర్టిఫికేషన్లవీ ఎక్కువ భాగం అంతే. ప్యాకేజీల్లో దొరికే సరుకంతా కింది స్థాయిదే అవడం యాదృచ్ఛికం కాదు. అవే చవక, అవే తొందరగా అవుతాయి. ఖరీదైన సగం మీ నెత్తిన పడుతుంది.

సర్టిఫికేషన్ల సంగతి కాస్త విడిగా చెప్పాలి, అమాయకంగా ఎక్కువమంది నష్టపోతున్నది ఇక్కడే. ఏసీఈ, అంటే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్, కొన్ని సర్టిఫికేషన్లను పరిశీలించి ఇన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చని సిఫార్సు చేస్తుంది. గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికేట్ అలాంటిదే. ఏసీఈ కాలేజీలకు అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఇచ్చే సంస్థ కాదు, దాని సిఫార్సుకు ఏ కాలేజీ కట్టుబడి ఉండక్కర్లేదు. "ఏసీఈ అప్రూవ్డ్ కాబట్టి ఎక్కడైనా చెల్లుతుంది" అన్నవాడు ఆ ఒక్క వాక్యంతోనే దొరికిపోయాడు. ఏసీఈ జాబితాలో మీ సర్టిఫికేషన్ పేరు పక్కన మూడు విషయాలు చూడండి: సిఫార్సు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని క్రెడిట్లు, కింది స్థాయా పై స్థాయా. మీరు పరీక్ష పాసైన తేదీ ఆ గడువులో పడాలి. కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్, సిస్కో సీసీఎన్‌ఏ లాంటివాటికి మూడేళ్ల గడువు ఉంటుంది, రెన్యూ చేయకపోతే లాప్స్ అవుతాయి. లాప్స్ అయినదాన్ని తీసుకోని కాలేజీలున్నాయి. పైగా పీడీఎఫ్ పంపితే సరిపోదు, రుజువు సర్టిఫికేషన్ ఇచ్చిన సంస్థ నుంచో ఏసీఈ ట్రాన్స్‌క్రిప్ట్ సేవ నుంచో నేరుగా రిజిస్ట్రార్‌కు చేరాలి.

ఐటీ డిగ్రీలో సెక్యూరిటీ ప్లస్ ఒక కోర్సు స్థానంలో కూర్చోవచ్చు. అదే సర్టిఫికేషన్ బిజినెస్ డిగ్రీలో ఎలెక్టివ్‌కే పరిమితం, హిస్టరీలో అయితే చెప్పనక్కర్లేదు. అందుకే డిగ్రీ ఏదో తేల్చకుండా సర్టిఫికేషన్ కొనిపించేవాళ్లను నమ్మొద్దు.

ఇండియాలో ఆపేసిన బీటెక్, బీకామ్ ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. ఇక్కడి కాలేజీలు సాధారణంగా నేసెస్ (విదేశీ చదువులను లెక్కగట్టే సంస్థల సంఘం) సభ్య సంస్థ చేసిన ఎవాల్యుయేషన్ అడుగుతాయి. అందులో రెండు రకాలుంటాయి. డాక్యుమెంట్ రిపోర్ట్ చవక, మొత్తం చదువు దేనికి సమానమో మాత్రం చెబుతుంది. క్రెడిట్ ట్రాన్స్‌ఫర్‌కు కావాల్సింది కోర్స్ బై కోర్స్ రిపోర్ట్. ప్యాకేజీవాళ్లు చవకది చేయించి ఖరీదైనదాని ధర వేస్తారు, కాలేజీ తిప్పి పంపాక మళ్లీ వసూలు చేస్తారు. ఏ సంస్థ రిపోర్ట్ తీసుకుంటారో కాలేజీని ముందే అడగండి, కొన్ని ఫలానా రెండు మూడింటివే ఒప్పుకుంటాయి. మార్కుల మెమోలు మీ దగ్గరున్నా, చాలా సందర్భాల్లో యూనివర్సిటీ సీలు వేసిన కవరులోనో ఆన్‌లైన్‌లోనో నేరుగా పంపాల్సి ఉంటుంది. దానికి పట్టే వారాలు మీ లెక్కలో వేసుకోండి. ఫెయిలైన సబ్జెక్టులకు క్రెడిట్ రాదు. ఇండియాలో బ్యాచిలర్స్ పూర్తి చేసినవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్ వర్తించదు, "గ్రాంట్ ఇప్పిస్తాం" అన్న మాట అక్కడే తేలిపోతుంది.

వీసా మీద ఉన్నవాళ్లు: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) అండర్‌గ్రాడ్యుయేట్‌కు ఫుల్ టైమ్ అంటే మామూలుగా టర్మ్‌కు 12 క్రెడిట్లు, అందులో ఆన్‌లైన్‌ది ఒక్క కోర్సు లేదా 3 క్రెడిట్లే లెక్క. నెల చందా కట్టి బయట చేసే కోర్సులు ఆ 12లో పడవు. స్టేటస్ పోతే ప్యాకేజీవాడు పలకడు, డీఎస్‌ఓతో, అంటే మీ కాలేజీలో స్టూడెంట్ వీసా వ్యవహారాలు చూసే అధికారితో, మాట్లాడకుండా అడుగు వేయొద్దు. ఇంకొకటి, హెచ్-1బి కోసం మూడేళ్ల అనుభవాన్ని ఒక ఏడాది చదువుకు సమానంగా లెక్కగట్టే ఎవాల్యుయేషన్ లెటర్ ఉంటుంది. దాన్నే "అనుభవానికి డిగ్రీ" అని అమ్ముతున్నారు. అది ఆ పిటిషన్‌కు పనికొచ్చే కాగితం, డిగ్రీ కాదు.

ఇక పచ్చి మోసాలు. మీ అనుభవం చూసి కోర్సులేమీ లేకుండా వారంలో పట్టా పంపేది డిగ్రీ మిల్లు. కరాచీలోని ఏగ్జాక్ట్ అనే కంపెనీ ఇలాంటి ఉత్తుత్తి యూనివర్సిటీలను వందల్లో నడిపిందని న్యూయార్క్ టైమ్స్ 2015లో బయటపెట్టింది. వాటికి అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థలనూ వాళ్లే సృష్టించుకున్నారు. కాబట్టి వెబ్‌సైట్ మీద "అక్రెడిటెడ్" అన్న ముద్ర చూసి ఆగిపోకండి. అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లోనూ, అక్రెడిటేషన్ సంస్థలను గుర్తించే చియా డేటాబేస్‌లోనూ యూనివర్సిటీ పేరు వెతకండి. డాట్ ఈడీయూ చిరునామా కూడా పూర్తి హామీ కాదు: 2001 అక్టోబరులో నిబంధన బిగించకముందే తీసుకున్నవాళ్ల దగ్గర అది అలాగే ఉండిపోయింది. అసలైన పద్ధతిలోనూ అనుభవానికి క్రెడిట్ ఉంది, పోర్ట్‌ఫోలియో అసెస్‌మెంట్ అంటారు. కానీ అక్కడ ఒక్కో కోర్సుకు విడిగా రాతపూర్వక రుజువులు అడుగుతారు, అధ్యాపకులు చదువుతారు, తిరస్కరించనూవచ్చు.

"పరీక్షలు మావాళ్లే రాస్తారు, లాగిన్ ఇవ్వండి చాలు" అన్న దగ్గర ఇక మాటే వద్దు. అది మోసపోవడం కాదు, మోసంలో భాగస్వామి కావడం. ప్రాక్టరింగ్‌లో, అంటే పరీక్ష మీద పెట్టే నిఘాలో, దొరికితే క్రెడిట్లు రద్దవుతాయి, పట్టా వచ్చాక బయటపడినా యూనివర్సిటీ వెనక్కి తీసుకోగలదు. మీ సోషల్ సెక్యూరిటీ నంబరు వాళ్ల దగ్గర ఉండిపోతుంది కూడా.

డబ్బు ఖర్చు పెట్టే వరస ఇది. మొదట డిగ్రీ, యూనివర్సిటీ తేల్చుకోండి. లైసెన్సు కావాల్సిన వృత్తి అయితే, అంటే సీపీఏ, నర్సింగ్ లాంటివి, ఆ రాష్ట్ర బోర్డు ఎలాంటి క్రెడిట్లు ఒప్పుకుంటుందో చూశాకే. తర్వాత ట్రాన్స్‌ఫరాలజీ అనే వెబ్‌సైట్‌లో మీ పాత కోర్సులు పెట్టి ఉజ్జాయింపుగా చూసుకోండి, ఖర్చు లేదు. అన్‌అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్టులతో అడ్మిషన్స్‌కు రాసి, ప్రాథమిక ఎవాల్యుయేషన్ అడగండి. కొన్నిచోట్ల దరఖాస్తు ఫీజు కట్టాకే చేస్తారు, ఆ ఫీజు దండగ కాదు. పాత కాలేజీకి బకాయి ఉంటే ముందు తీర్చండి, ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేసే కాలేజీలున్నాయి.

అడ్వైజర్‌కు పంపే ఈమెయిల్లో "ఇవి ట్రాన్స్‌ఫర్ అవుతాయా" అని అడగొద్దు, అవుతాయనే జవాబొస్తుంది. ఇలా అడగండి: "ఫలానా కేటలాగ్ (ఆ ఏటి డిగ్రీ నిబంధనల పుస్తకం) సంవత్సరం ప్రకారం, ఫలానా డిగ్రీలో, ఈ కోర్సు ఏ రిక్వైర్‌మెంట్‌ను నింపుతుంది? అప్పర్ లెవెల్‌గా లెక్కిస్తారా? నేను మీ దగ్గర చదవాల్సిన క్రెడిట్లు ఎన్ని మిగులుతాయి?" ఫోనులో చెప్పింది చెల్లదు, జవాబు రాతలో ఉండాలి. చేరకుండా ఏడాది జాప్యం చేస్తే కేటలాగ్ మారి ఆ జవాబు పాతబడుతుందని గుర్తుంచుకోండి. చేరాక డిగ్రీ ఆడిట్, అంటే ఏ గడి నిండిందో చూపే రిపోర్ట్, తెరిచి, ఎలెక్టివ్‌లలోకీ అదనపు క్రెడిట్లలోకీ జారిపోయినవి ఏవో చూసి, పొరపాటనిపిస్తే సిలబస్ జతచేసి మళ్లీ పరిశీలించమనండి. సిలబస్ ఉంటే చాలాసార్లు నిర్ణయం మారుతుంది. అందుకే పాత సిలబస్‌లు పారేయొద్దు.

ఖాళీ గడులు తెలిశాకే కోర్సులు కొనండి, అదీ ఒకటొకటిగా. క్లెప్ పరీక్షను ఏజెంటు ద్వారా కొనడానికి కారణమే లేదు. నేరుగా దాదాపు వంద డాలర్లు, ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడిపే మోడర్న్ స్టేట్స్ సంస్థ, దాని కోర్సు పూర్తి చేస్తే పరీక్ష ఫీజుకు వోచరూ ఇస్తుంది. 20 నుంచి 80 స్కేలులో ఏసీఈ సిఫార్సు స్కోరు 50, కానీ కొన్ని కాలేజీలు కొన్ని సబ్జెక్టులకు ఎక్కువ అడుగుతాయి. తప్పితే మూడు నెలలు ఆగాలి. ఇంకోమాట, ఇలా బయట సంపాదించిన క్రెడిట్లు జీపీఏలోకి రావు. మాస్టర్స్‌కు వెళ్లే ఆలోచన ఉంటే మీ జీపీఏ మొత్తం ఆ చివరి పది పన్నెండు కోర్సుల మీదే నిలబడుతుంది.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే: క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు, ఆ చార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతలో డిస్ప్యూట్ పెట్టండి. బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే జెల్ (Zelle) సేవతో పంపిన డబ్బు తిరిగి రావడం బహు కష్టం, అందుకే వాళ్లు అదే అడుగుతారు. ప్రకటన, వాట్సాప్ సంభాషణ, రసీదు, యూనివర్సిటీ ఇచ్చిన అసలు ఎవాల్యుయేషన్ ఒకచోట పెట్టి వినియోగదారుల మోసాలు చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీకి, మీ రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఫిర్యాదు చేయండి. మీ చేత్తో మీరు రాసి పాసైన పరీక్షలు ఎక్కడికీ పోవు, క్లెప్ స్కోర్లు 20 ఏళ్లు ఉంటాయి. వాటిని వేరే యూనివర్సిటీకి మీరే పంపుకోవచ్చు. లాగిన్లు ఇచ్చి ఉంటే ఈరోజే పాస్‌వర్డులు మార్చండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చి ఉంటే అప్పుల చరిత్ర ఉంచే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ విడివిడిగా క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరిట ఇంకెవరూ అప్పు తీసుకోకుండా అడ్డుకునేది) పెట్టండి, ఉచితం. ఒకదానిలో పెడితే మిగతా రెండింటికీ దానంతటది వర్తించదు.