ఒకే పుస్తకం పది ఇళ్లు తిరగాలంటే: పోస్టా, చేతికి చేతా, లైబ్రరీ అల్మారానా?

జేమ్స్ ఫ్రే రాసిన ‘ఎ మిలియన్ లిటిల్ పీసెస్’ను హైదరాబాద్‌లో ఓ పది మంది ఒకే ప్రతితో చదువుకోవాలనుకున్నారనుకోండి. ఒకరి తర్వాత ఒకరు పోస్టులో పంపుకోవచ్చు. అమీర్‌పేట మెట్రోలో కలిసి చేతికిచ్చుకోవచ్చు. అందరికీ దగ్గరగా ఉన్న ఏదో ఒక చోట పెట్టేసి, కావలసినవాళ్లు వచ్చి తీసుకునేలా చూడొచ్చు. బైక్ మీద పార్సిళ్లు చేరవేసే యాప్ ఉండనే ఉంది. వాట్సాప్‌లో పీడీఎఫ్ కూడా ఉందంటారు కానీ అది దొంగ సరుకు, దాని ఊసెత్తను.

మామూలు నవలకైతే ఇంత చర్చ దండగ. ఎవరికి ఏది వీలైతే అదే కానిచ్చేయొచ్చు. ఇది తాగుడు, డ్రగ్స్ బారిన పడి డీఅడిక్షన్ సెంటర్‌లో చేరిన మనిషి తన కథగా చెప్పుకున్న పుస్తకం. పైగా అందులో కొన్ని కీలకమైన సంగతులు అల్లినవని బయటపడింది. అందుకే ఎవరింటికి వెళ్తోంది, కవరు ఎవరు విప్పుతారు, లోపల ఇంకేం పెట్టి పంపుతున్నాం అన్నవన్నీ ఆలోచించాల్సి వస్తుంది.

గొడవ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 2003లో అమెరికాలో డబుల్‌డే సంస్థ దీన్ని ఆత్మకథగా అచ్చేసింది. 2005 సెప్టెంబరులో అక్కడి టీవీ షో వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ తన బుక్ క్లబ్‌కు ఎంచుకోవడంతో లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2006 జనవరిలో ‘ది స్మోకింగ్ గన్’ వెబ్‌సైటు వాళ్లు పోలీసు రికార్డులు తిరగేశారు. 87 రోజులు జైల్లో గడిపానని రాసుకున్న మనిషి నిజానికి కస్టడీలో ఉన్నది కొద్ది గంటలేనని తేల్చారు. మొదట వేరే టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసి మరీ ఆయన్ని వెనకేసుకొచ్చిన ఓప్రా, అదే నెల 26న తన షోలో కూర్చోబెట్టి కడిగేసింది. తర్వాతి ముద్రణల్లో రచయిత వివరణ చేరింది. మోసపోయామన్న పాఠకులకు డబ్బు వాపసివ్వడానికి ప్రచురణకర్తలు ఒప్పుకున్నారు. గట్టి అట్ట ప్రతి కొన్నవాళ్లు రుజువుగా 163వ పేజీ చింపి పంపాలన్నది షరతు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మీకు పాత గట్టి అట్ట ప్రతి కనిపిస్తే బేరమాడేముందు ఆ పేజీ ఉందో లేదో చూసుకోండి!

ముందు పోస్టు సంగతి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఆపేసినప్పుడు పుస్తకాలు పంపుకునేవాళ్లు, చిన్న ప్రచురణకర్తలు లబోదిబోమన్నారు. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసమే జ్ఞాన్ పోస్ట్ అనే చవక సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అక్కణ్నుంచి బరువును బట్టి పెరుగుతూ 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే వీలుంది. రోడ్డు, రైలు మీదే వెళ్తుంది కాబట్టి దూరప్రాంతాలకు ఆలస్యం కావచ్చు. ఉప్పల్ నుంచి మెహదీపట్నం వెళ్లే పుస్తకానికి విమానం ఎలాగూ అక్కర్లేదు. నాలుగు వందల పేజీల పేపర్‌బ్యాక్ మొదటి శ్లాబు దాటుతుందేమో, కౌంటర్లో తూకం వేయించుకుంటే తెలుస్తుంది. దాటినా ఆటో మీటరు మొదలయ్యే డబ్బులతో పోల్చుకునేంతే.

అగ్గువ కదా అని అక్కడితో ఆగిపోకూడదు. జ్ఞాన్ పోస్ట్ పెట్టింది పుస్తకాలకు, అచ్చయిన సామగ్రికి. ఇలాంటి పుస్తకం చేతులు మారుతున్నప్పుడు అసలు రుచి దానితో పాటు తిరిగే నోటుబుక్కులో ఉంటుంది. చదివిన ప్రతి మనిషీ రెండు పేజీలు రాసి తర్వాతివాళ్లకు పంపుతారు. ఒకరు ‘జైలు సంగతి అబద్ధమైతే నాకేంటి, వాంతులు, వణుకులు నిజమే, మా నాన్నను చూశాను’ అని రాస్తారు. ఆ కిందే ఇంకొకరు ‘మా అన్న కథ ఇంతకంటే ఘోరం, ఒక్క అబద్ధం కూడా కలపక్కర్లేదు, అందుకే నాకు ఈయన మీద కోపం’ అని రాస్తారు. చేతిరాతతో నిండిన ఆ నోటుబుక్కును అచ్చు పుస్తకాల రేటులో దూర్చడం సరికాదు. పాత బుక్ పోస్టు రోజుల్లోనూ లోపల ఉత్తరం పెట్టకూడదనీ, తీసి చూడటానికి వీలుగా కవరు ఒక పక్క తెరిచి ఉంచాలనీ నియమం ఉండేది. పుస్తకం ఒక్కటే వెళ్తే జ్ఞాన్ పోస్ట్ చాలు. నోటుబుక్కు కూడా వెళ్లాలంటే స్పీడ్ పోస్టే మేలు.

స్పీడ్ పోస్టులో ఇంకో లాభం ఉంది, నా మట్టుకు అసలు లాభం అదే. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఎవరి పేరిట పంపామో ఆ మనిషి చేతికే ఇచ్చే పద్ధతి దాంతో పోయిందని చాలామంది అనుకున్నారు. పోలేదు. అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ కావాలంటే 5 రూపాయలు, పన్ను అదనంగా కట్టాలి. అప్పుడు కవరు మీద పేరున్న మనిషికో, ఆ మనిషి రాసిచ్చినవాళ్లకో మాత్రమే ఇస్తారు. ఓటీపీ చెప్తేనే ఇచ్చే సౌకర్యానికీ అంతే, ఇంకో 5 రూపాయలు. మామూలు పుస్తకానికి ఇవేవీ అక్కర్లేదు. ఇంట్లో తాగుడు గొడవ నడుస్తున్న ఇల్లాలికి ఈ పుస్తకం వెళ్తోందంటే మాత్రం ఆ ఐదు రూపాయలు కట్టి తీరాల్సిందే. లేకపోతే అపార్ట్‌మెంట్‌లో పోస్టుమాన్ దాన్ని వాచ్‌మన్ చేతిలో పెడతాడు, వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో ‘మేడం, మీకేదో బుక్కొచ్చింది’ అంటాడు, అవతల ఫోన్ ఎత్తింది అత్తగారై ఉంటారు. తర్వాత ఆ ఇంట్లో జరిగేది మనం ఊహించుకోవచ్చు. ఈ విషయంలో పుస్తకం అట్ట కొంత సాయం చేస్తుంది. రంగురంగుల చక్కెర పూసలు అంటుకున్న ఒక చెయ్యి బొమ్మ ఉంటుంది దాని మీద. చూసినవాళ్లు కేకులు చేసే పుస్తకం అనుకుంటారు.

చేతికి చేతి పద్ధతికి హైదరాబాద్‌లో మంచి వసతే ఉంది. మియాపూర్–ఎల్బీనగర్ లైనూ, నాగోల్–రాయదుర్గం లైనూ అమీర్‌పేటలో కలుస్తాయి. ఇద్దరూ స్టేషన్ బయటికి రాకుండానే పుస్తకం మార్చుకుని ఎవరి రైలు వాళ్లు ఎక్కొచ్చు. రోజూ ఆ దారినే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఖర్చు సున్నా. మనిషిని చూడొచ్చు, ఓ చాయ్ తాగొచ్చు. చెప్పుకోవడానికి ఇదంతా బాగుంటుంది. ఆచరణలో ‘ఈ వారం కుదరట్లేదు అక్కా, వచ్చే వారం చూద్దాం’ అనే మాట దగ్గర పుస్తకం ఆగిపోతుంది. పోస్టుకు ఒక్కరి వీలు చాలు. ఇక్కడ ఇద్దరి వీలూ ఒకే సాయంత్రం కలవాలి. వానాకాలంలోనైతే ఆ ముచ్చటే వద్దు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. చేతికిచ్చేటప్పుడు మనిషి ఊరుకోడు. ‘అంతా కట్టుకథేనంట, సరదాగా చదువు’ అనో, ‘ఏడిపించేశాడు, అబద్ధమైతే ఏంటి’ అనో తన తీర్పు కూడా కలిపి ఇస్తాడు. రచయిత నిజాయితీ మీదే వివాదం నడిచిన పుస్తకానికి ఇది మామూలు నష్టం కాదు. నోటుబుక్కులో అభిప్రాయం ఉన్నా, పుస్తకం ముగించాక తెరవమని ఒక రబ్బరు బ్యాండు వేసి పంపొచ్చు. ఎదురుగా ఉన్న మనిషి నోటికి అది వేయలేం.

ఇంకొకటి. సొంత ఇంట్లో ఈ సమస్య ఉన్నవాళ్లు ఎదురుగా కూర్చుని మాట్లాడరు. పుస్తకం తీసుకుంటారు, నవ్వుతారు, ‘బాగుందట కదా’ అంటారు. అదే మనిషి నోటుబుక్కులో పేరు లేకుండా మూడు పేజీలు రాస్తారు.

అల్మారా సంగతి త్వరగా చెప్పేస్తాను. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా లైబ్రరీగా పుట్టింది. సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నుంచి ఉంది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో పుస్తకాన్ని ఏదో ఒక లైబ్రరీకి ఇచ్చేస్తే పోదా అనిపిస్తుంది. ఇచ్చేస్తే అది మన పది మంది చుట్టు నుంచి బయటికి పోయినట్టే. రిజిస్టర్లోకెక్కుతుంది, ఎవరు చదివారో మనకు తెలియదు, లోపల పెట్టిన చీటీ మొదటి నెలలోనే రాలిపోతుంది. చిక్కడపల్లి లైబ్రరీలోనైతే పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే కుర్చీలు ఆక్రమించుకుని సొంత పుస్తకాలే చదువుకుంటుంటారు. పది మందీ చదవడం పూర్తయ్యాక దానం చేయడానికి మాత్రం లైబ్రరీని మించింది లేదు. బైక్ పార్సిల్ గంటలో తెచ్చిస్తుంది, నిజమే. కానీ ఉప్పల్ నుంచి మియాపూర్‌కు అయ్యే డబ్బుతో జ్ఞాన్ పోస్టులో ఎన్నో ఇళ్లు తిప్పొచ్చు. నెల రోజులు తీరిగ్గా చదివే పుస్తకానికి గంట తొందర ఎందుకో నాకు అర్థం కాదు. వరంగల్‌లోనో ఖమ్మంలోనో ఒకరున్నారంటే ఆర్టీసీ కార్గో పనికొస్తుంది, బస్టాండుకెళ్లి తెచ్చుకునే ఓపిక ఉండాలి అంతే.

మొత్తమ్మీద నా ఓటు పోస్టుకే. నోటుబుక్కుతో, రిజిస్ట్రేషన్ పెట్టించి, స్పీడ్ పోస్టులో. అయితే ఒక రకం ఇంటికి మాత్రం పోస్టు వద్దే వద్దంటాను. ఇప్పుడిప్పుడే తాగుడు మానాలనుకుంటున్న మనిషో, మానే ప్రయత్నంలో ఉన్న మనిషో ఉన్న ఇంటికి ఈ పుస్తకం ఒంటరిగా వెళ్లకూడదు.

కారణం పుస్తకంలోనే ఉంది. తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల పన్నెండు మెట్ల పద్ధతిని కథకుడు ఒప్పుకోడు. తన పట్టుదలతోనే గట్టెక్కానంటాడు. మత్తు ఇంజెక్షన్ లేకుండా పళ్లకు రూట్ కెనాల్ చేయించుకున్నట్టు రాసిన ఘట్టం ఒకటుంది, చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాడు చదివితే అది సాహసం. ఏళ్ల తరబడి తాగుతున్నవాడు చదివి ‘నేనూ రేపట్నుంచి బంద్, డాక్టరూ వద్దు, మందులూ వద్దు’ అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. బాగా అలవాటుపడిన శరీరానికి తాగుడు ఒక్కసారిగా ఆపితే వణుకు మొదలై ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో మతి తప్పి ఏవేవో కనిపించే స్థితి రావచ్చు, దానికి వైద్యం అందకపోతే చావు దాకా పోతుంది.

తెలంగాణలో దీనికి తోడు కల్తీ కల్లు. ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఊరంతా చూసింది. దుకాణాలు మూసేసిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు కట్టారు. అమెరికాలో ఆ పుస్తకం మీద జరిగిన గొడవంతా జైల్లో ఎన్నాళ్లున్నాడు, డబ్బు వాపసివ్వాలా వద్దా అనే చుట్టూ తిరిగింది. మన ఊళ్లో నాకు భయం వేసేది దాని గురించి కాదు. ‘పట్టుదల ఉంటే చాలు’ అన్న ఆ ఒక్క మాటను నిజమని నమ్మేవాళ్ల గురించి.

అలాంటి ఇంటికి చేతికి చేతే మేలు. అదీ చదివినవాళ్లు స్వయంగా వెళ్లి, ఆ మనిషి చేతిలో కాకుండా చూసుకుంటున్నవాళ్ల చేతిలో పెట్టి, నిదానంగా మాట్లాడి రావాలి. పోస్టులో వెళ్లే ప్రతిలోనైనా సరే, మొదటి పేజీకి ఒక చీటీ అంటించండి, నోటుబుక్కులో కాదు, పుస్తకంలోనే. దాని మీద రెండే సంగతులుండాలి. ఇందులో కొన్ని ఘటనలు కల్పితమని రచయితే ఒప్పుకున్నాడు. మానాలనుకుంటే డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. కింద ఈ రెండు నంబర్లు: డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416. రెండూ ప్రభుత్వం నడిపేవే. అట్ట వెనకాల వద్దు, అక్కడిదాకా అందరూ చదవరు.

కొనేటప్పుడు కూడా 2006 గొడవ తర్వాత అచ్చయిన, రచయిత వివరణ ఉన్న ప్రతినే తీసుకోండి. పాత ప్రతి తక్కువకొస్తుంది, చూడటానికి ముచ్చటగానూ ఉంటుంది. దాన్ని చుట్టులోకి వదలడం నాకిష్టం లేదు. తీర్పు ముందే తెలిసి చదివితే మజా ఏముందనేవాళ్లుంటారు. నిజమే, కొంత మజా పోతుంది. నవలకైతే నేనూ ఒప్పుకునేవాణ్ని.

ఇక వరస. అందరిలోకీ వేగంగా చదివేవాళ్లను మొదట పెట్టకండి, వాళ్లు నోటుబుక్కులో రెండు ముక్కలు గీకి వదిలేస్తారు, ఆ తర్వాత ఎవరూ పేజీలు నింపరు. నిదానంగా చదివి విపులంగా రాసే మనిషితో మొదలుపెట్టండి. ఒక్కొక్కరికి నెల గడువు, కవరు మీద తర్వాతివాళ్ల చిరునామా, పిన్‌కోడ్ సరిచూసుకున్నాక పోస్టు చేసే పూచీ పంపేవాళ్లదే. చివరివాళ్ల నుంచి పుస్తకం కొన్న మనిషికి తిరిగి రావడానికి అయ్యే ఖర్చు మాత్రం మొదట్లోనే తలా కొంత వేసుకోండి. ఎప్పుడూ పేచీ వచ్చేది ఆ ఆఖరి విడత దగ్గరే.