విశాఖ గాలిని కొలవాలంటే: చిన్న సెన్సరా, పెద్ద స్టేషనా?

కైలాసగిరి, యారాడ కొండల మధ్య ఉన్న విశాఖలో చలికాలం రాత్రుళ్లు పైన వెచ్చని గాలి పొర మూత పెట్టినట్టు పరుచుకుంటే, దుమ్ము కిందే నిలిచిపోతుంది. ఎంత దుమ్మో చెప్పేది ఏది: ఇంట్లో పెట్టుకునే చిన్న సెన్సరా, గాలి నాణ్యత కొలిచే పెద్ద స్టేషనా?

ఖర్చు: సెన్సర్ వేలల్లో వస్తుంది. స్టేషన్ కోటి రూపాయల మాట.

శ్రమ: సెన్సర్‌కు కరెంటు, వైఫై చాలు. స్టేషన్‌కు ఏసీ గది, తెలిసిన మనిషి, తరచూ కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో చూసి సరిదిద్దడం) కావాలి.

తేమ: అసలు చిక్కు ఇక్కడే. చిన్న సెన్సర్ లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి దుమ్మును అంచనా వేస్తుంది. గాలిలో తేమ పెరిగితే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, అంకె ఎగబాకుతుంది. తెల్లవారుజామున మంచులో సెన్సర్‌పై 150 మైక్రోగ్రాములు కనిపిస్తే కంగారుపడకండి, ఎండ వచ్చాక మళ్లీ చూడండి. స్టేషన్‌లోని బీటా కిరణాల యంత్రం గాలిని వేడి చేసి, తేమ తగ్గించాకే కొలుస్తుంది.

వాన: గట్టి వాన దుమ్మును కడిగేస్తే రెండింటిలోనూ అంకె తగ్గుతుంది. ఆ ఘనత వానదే, ఫ్యాక్టరీలది కాదు.

పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న దుమ్ము కణాలు) రోజు సగటు ఘనమీటరుకు 60 మైక్రోగ్రాముల పరిమితి దాటిందని ఫిర్యాదు చేయాలంటే స్టేషన్ లెక్కే పట్టుకోండి. మీ వీధిలో ఏ గంటలో పొగ ఎక్కువో తెలియాలంటే సెన్సర్ కొనండి. కొన్నాళ్లు స్టేషన్ పక్కన పెట్టి పోల్చాకే దాన్ని నమ్మండి.