1882 'హెచ్ లేని' పెన్నీ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. రాస్తే లాయర్ నోటీస్ పంపిస్తానని ముందే బెదిరించాడు ఆ పెద్దమనిషి. అయినా ఇక్కడ యూకేలో కాయిన్ ఫెయిర్లకు తిరిగే మనవాళ్లకు పేరు చెప్పక్కర్లేదు. విక్టోరియా పెన్నీలు, హాఫ్ పెన్నీలు బల్ల నిండా పరుచుకుని, మనల్ని చూడగానే "నమస్తే" అని చేతులు జోడిస్తాడే, ఆయనే. ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు కూడా కొందరు ఆయన దగ్గర కొన్నారని తెలుసు. కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

విషయం ఒక్క ముక్కలో: 1882 'హెచ్ లేని' పెన్నీ అని ఆయన నాకు అంటగట్టింది మామూలు 1882 హెచ్ పెన్నీ. ఆ హెచ్‌ని గీకేశారు, అంతే. 620 పౌండ్లు పోయాయి.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. 1882లో లండన్ టవర్ హిల్ దగ్గరున్న రాయల్ మింట్‌లో పాత యంత్రాలు తీసి కొత్తవి బిగించే పని పెట్టుకున్నారు. దాంతో ఆ ఏడాది పెన్నీల పని బర్మింగ్‌హామ్‌లోని హీటన్ వాళ్లకు అప్పగించారు. వాళ్లు ముద్రించినవి 75 లక్షల పైచిలుకు. వాటి మీద సంవత్సరం కింద చిన్న హెచ్ అక్షరం ఉంటుంది. అరిగిపోయినదైతే ఏ డబ్బాలో చెయ్యి పెట్టినా రెండు మూడు పౌండ్లకు దొరుకుతుంది. హెచ్ లేనివి మాత్రం చాలా అరుదు. ఫ్రీమన్ 112, అంటే ఫ్రీమన్ రాసిన నాణేల జాబితాలో 112వ నంబరు, అని మనం పలవరించేది దాన్నే. బాగా అరిగిన నాణేనికి కూడా వందల పౌండ్లు పలుకుతుంది. ఆవగింజంత అక్షరం ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు. దొంగబుద్ధి ఉన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇదంతా నాకు తెలియదా అంటే తెలుసు. 'ఈ పాత నాణెం మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారే' అని యూట్యూబ్ వీడియోలు మా మేనమామ పంపిస్తుంటే నవ్వుకునే మొనగాణ్ని నేను. ఇప్పుడాయనకి ఫోన్ చేయాలంటే మొహం చెల్లడం లేదు.

ఎందుకు నమ్మానంటే, ఇంతకుముందు ఆయన దగ్గర కొన్నవి మంచివే. 1808 నాటి ఇరవై కాసుల రాగి నాణెం, మద్రాసుకు వస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809లో ఇంగ్లండ్ తీరం దాటకుండానే గుడ్విన్ శాండ్స్‌లో మునిగిపోతే తర్వాత బయటికి తీశారే, ఆ సరుకు. ఆ తర్వాత ఉత్తర సర్కారుల కోసం సోహో మింట్‌లో తయారైన 1794 నాటి 'రూపాయికి 48' నాణెం. మా తాతల కాలం కన్నా ముందు మన కోస్తా ఊళ్లలో చేతులు మారడానికి చేసిన నాణెం బర్మింగ్‌హామ్ పక్కన దొరికితే ఎవరికి ముచ్చటగా ఉండదు? రెండూ అసలువే, ధర కూడా న్యాయంగానే ఉంది. నమ్మించడం అంటే అలా నమ్మించాడు.

ఈ పెన్నీని ముందు ఆన్‌లైన్ వేలంలో పెట్టాడు. నేను మెసేజ్ పెడితే ఫోన్ చేశాడు. "ఆ సైట్ వాళ్లకి కమిషన్ ఎందుకు దండగ? నేరుగా నా బ్యాంక్‌కి పంపించు, నీకు తగ్గించి ఇస్తాను. ఎవరికి కావాలంటే వాళ్లకి చూపించుకో. తేడా ఉందంటే మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుంటాను" అన్నాడు. అంతా నోటి మాటే, రాతలో ఏమీ లేదు. ఫొటోలో సంవత్సరం కింది భాగం నీడలో ఉంది. మరో ఫొటో అడుగుదామనుకున్నాను. అంత మర్యాదగా మాట్లాడుతున్న మనిషిని అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను. నా మర్యాద ఖరీదు 620 పౌండ్లు.

నాణెం వచ్చింది. ప్లాస్టిక్ ఫ్లిప్‌లో (నాణెం పెట్టే చిన్న కవరు) ఆయన చేతిరాతతో '1882, హెచ్ లేదు, ఎఫ్ 112' అని చీటీ. బరువు సరిగ్గానే ఉంది, తొమ్మిదిన్నర గ్రాములకు కాస్త తక్కువ. ఉండక ఏం చేస్తుంది, నాణెం అసలుదే కదా! రాత్రి టేబుల్ ల్యాంప్ పక్కకు వంచి, వెలుతురు అడ్డంగా పడేలా పెట్టి, పది రెట్ల భూతద్దంలో చూశాను. నాలుగు అంకెల కింద, అంచు పళ్లకు పైన, సాసర్ అడుగులా ఒక చిన్న పల్లం. ఆ పల్లంలో ఒకే వైపుకు సాగిన సన్నటి గీతలు. చుట్టూ నాణెం అంతా నూట నలభై ఏళ్ల ముదురు గోధుమ రంగులో ఉంటే అక్కడ మాత్రం లోపల నుంచి ఎర్రదనం తొంగి చూస్తోంది. పైన ఏదో పూసి కప్పాలని చూశారు, సరిగ్గా అంటలేదు. ఇంకా పట్టి చూస్తే హెచ్ ఎడమ కాలు అడుగు ముక్క కొంచెం మిగిలే ఉంది. పని కూడా శుభ్రంగా చేయలేదండీ.

అయినా ఆశ చావదు కదా. అచ్చులో మురికి చేరి హెచ్ సరిగ్గా పడని నాణేలు కూడా ఉంటాయి, అలాంటిదేమో, పాపం ఆయన కూడా మోసపోయాడేమో అనుకున్నాను. మా ఊరి నాణేల క్లబ్‌లో పెన్నీలే ప్రాణంగా బతికే ఒక ముసలాయన ఉన్నాడు. ఆయనకిచ్చాను. ఆయన సంవత్సరం వైపు చూడనే లేదు. తిప్పి రాణి ముఖం చూశాడు. "112 అని రాశాడా? 112కి ఉండాల్సిన తల అచ్చు ఇది కాదు" అని ఫ్లిప్‌లో పెట్టి తిరిగి ఇచ్చేశాడు. అర నిమిషం కూడా పట్టలేదు. అప్పుడు కానీ గీతల జోలికి వెళ్లలేదు ఆయన.

ఇక అసలు సంగతి. మళ్లీ ఫెయిర్ జరిగినప్పుడు నాణెం, చీటీ, ఫోన్‌లో ఆయన పంపిన ఫొటో పట్టుకుని వెళ్లాను. గొడవ పడాలని కాదు. మాట ఇచ్చాడు కదా, వెనక్కి తీసుకుంటాడు, ఒక కాఫీ తాగి వచ్చేద్దాం అన్న ధీమాతో. బల్ల దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. మామూలుగానే నమస్తే పెట్టాడు. నేను మెల్లగా, పక్కవాళ్లకు వినబడకుండా, "సార్, ఇందులో హెచ్ తీసేసినట్టు ఉంది, చూడండి" అన్నాను.

చేతిలోకి తీసుకోలేదు. చూడను కూడా చూడలేదు. గొంతు పెంచి, అందరికీ వినపడేలా అన్నాడు: "ఇది నేను అమ్మిన నాణేమే అని ఏంటి గ్యారంటీ? నాది ఇంట్లో దాచుకుని రెండు పౌండ్లది తెచ్చావేమో. లేకపోతే నువ్వే గీకావేమో. ఈమధ్య మీవాళ్లు ఇలాంటివి బాగా మొదలుపెట్టారు."

మీవాళ్లు! చేతులు జోడించి నమస్తే పెట్టిన నోటితోనే.

ఫొటో చూపించాను. నాణెం వెనక వైపు కూర్చున్న బ్రిటానియా దేవత బొమ్మలో డాలు అంచు మీద ఒక నొక్కు ఉంది, ఆయన పంపిన ఫొటోలోనూ అదే చోట అదే నొక్కు. "ఫొటోలు ఎవరైనా మార్చగలరు" అన్నాడు. చీటీ చూపించాను. "ఫ్లిప్ తెరిస్తే నా బాధ్యత లేదు" అన్నాడు. ఫ్లిప్ తెరవకుండా పది రెట్ల భూతద్దంలో ఎలా చూడాలో ఆయనే చెప్పాలి. నా పక్కన హాఫ్ క్రౌన్లు చూస్తున్న ఒకాయన చేతిలోది కింద పెట్టి, ఆయన వైపు కాదు, నా వైపు చూశాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. డబ్బు పోతే పోయింది, నలుగురిలో దొంగని చేశాడు నన్ను. లాయర్ మాట వచ్చింది అప్పుడే. ఆ తర్వాత నేను అక్కడ లేనట్టే పక్కకు తిరిగి, నావైపు చూసిన ఆయన్నే "మీకేం కావాలి సార్?" అని అడిగాడు, అదే నవ్వుతో.

బ్యాంక్‌కి ఫోన్ చేస్తే, మీ ఇష్టంతో మీరే పంపారు, వస్తువు బాగాలేదన్నది మీకూ అమ్మినవాడికీ మధ్య గొడవ అన్నారు. వేలం సైట్ వాళ్లు, మా ద్వారా డబ్బు రాలేదు కాబట్టి మాకు సంబంధం లేదు అన్నారు. వాళ్లనేం అనగలం? అదే క్రెడిట్ కార్డ్ మీద కొని ఉంటే వంద పౌండ్లు దాటిన వస్తువుకి 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద కార్డ్ కంపెనీ మెడ పట్టుకోవచ్చు. ఆయన వ్యాపారి కాబట్టి 2015 వినియోగదారుల హక్కుల చట్టం నాకు ఇంకా ఉంది, చెప్పినట్టు లేని వస్తువు వెనక్కి ఇచ్చే హక్కు. ఉత్తరం పంపాను, జవాబు లేదు. చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్తాను. ఆ చేతిరాత చీటీ ఒక్కటే నా ఆస్తి ఇప్పుడు. ఫ్లిప్పులు, చీటీలు చెత్తబుట్టలో పడేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి.

మిగతా జాగ్రత్తలు మీకు తెలియనివి కావు. ఏదో 'లేదు' కాబట్టి ఖరీదు అనే నాణెం దగ్గర రెట్టింపు అనుమానం పెట్టుకోండి, ఉన్నదాన్ని తీసేయడం తేలిక. అంకె మార్చేవాళ్లూ ఉన్నారు, చాలా అరుదైన 1933 పెన్నీ అని చూపించేవాటిలో మామూలు పెన్నీ మీద అంకె మార్చినవి బోలెడు. 1905 హాఫ్ క్రౌన్ పూర్తిగా దొంగది తయారు చేసి తిప్పుతారు. 1895లో బ్రిటానియా త్రిశూలానికీ PENNY మాటలోని 'పి' అక్షరానికీ మధ్య రెండు మిల్లీమీటర్లు ఉండే పెన్నీ, 1902లో సముద్రపు గీత కిందికి ఉండే పెన్నీ, 1926లో రాజు తల బొమ్మ మార్చిన పెన్నీ, ఇలాంటివైతే తేడా బొమ్మ అమరికలోనే ఉంది, గీకితే వచ్చేది కాదు. రకాల సరదా తీరాలంటే వాటితో మొదలుపెట్టండి. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు సైట్ దాటి బయటికి రావద్దు. అమ్మేవాడు బ్రిటిష్ న్యూమిస్మాటిక్ ట్రేడ్ అసోసియేషన్ సభ్యుడా కాదా చూడండి. మా వాడు కాదు, ఇప్పుడు చూశాను.

ఈ పొద్దున ఆయన పేజీలో ఇంకో 1882 పెట్టాడు. నాది కాదు, నాది నా డ్రాయర్‌లోనే ఉంది. దీనికి కూడా సంవత్సరం కింద సరిగ్గా అక్కడే నీడ. మన వాట్సాప్ గ్రూప్‌లో లెస్టర్ నుంచి ఒక తమ్ముడు దాని ఫొటో పెట్టి "ఎంత వరకు వెళ్లొచ్చు అన్నా" అని అడిగాడు. తమ్ముడూ, ఇది చూసిన వెంటనే నాకు ఫోన్ చెయ్. వేలం ఆదివారం రాత్రి ముగుస్తుంది.