సామిల్లు టేకు ఊయల: కట్టెకు వంక లేదు, పేచీ ఇనుముతోనూ కొలతలతోనూ

నల్లగొండలో సామిల్లును ఆనుకుని ఉన్న ఒక వడ్రంగి షెడ్డులో ఆర్డరు మీద చేసిచ్చే రెండు సీట్ల ఊయల ఇది. పైన 8 అడుగుల దూలం, రెండు వైపులా పైన కలిసి కింద విడిపోయే జంట కాళ్లు, ఒక్కో జంటకు ఒక అడ్డపట్టె. కట్టె నాణ్యమైనదే, కొలతలు మార్చమని చెప్పి ఆర్డరియ్యొచ్చు. కొక్కాలు, గొలుసులు మాత్రం వాళ్లవి వద్దని చెప్పి మీరే కొనుక్కోండి.

దూలం 4×6 అంగుళాలు, 6 అంగుళాల వైపు నిలువుగా ఉంది. అలాగే ఉండాలి, పడుకోబెడితే నడుమ వంగుతుంది. కాళ్లు 4×4, ఒక్కోటి 9 అడుగులు. దూలానికి 1.33, నాలుగు కాళ్లకు 4, రెండు అడ్డపట్టెలకు అర కంటే కొంచెం తక్కువ, మొత్తం 6 సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) లోపే. బిల్లులో అంతకు మించి కనబడితే కోతలో పోయే తరుగు ఎంత వేశారో అడగండి. టేకులో కూడా చెదలకు తట్టుకునేది మాను నడుమ ఉండే గట్టి చెక్క, అంటే చేవ ఒక్కటే, బెరడు పక్కన ఉండే తెల్లచెక్కను చెదలు వదలవు. ఈ సెట్టులో ఒక కాలికి ఒక కొసన తెల్లచెక్క ఉంది. ఆ కొసను పైకి తిప్పి బిగిస్తే చాలు, నేల దగ్గరికి మాత్రం రానియ్యొద్దు. పాత ఇండ్లు కూల్చినప్పుడు వచ్చిన దూలాలుంటే అవే కోయించుకోవడం ఇంకా మేలు. బాగా ఆరిన కట్టె కాబట్టి మెలి తిరగదు. లోపల విరిగిన మొలలు ఉంటాయేమో, కోసే ముందే చూడాలి.

ఇక ఇనుము. దూలానికి కింది నుంచి తిప్పి ఎక్కించిన స్క్రూ కొక్కాలు ఇచ్చారు. ఇది పెద్ద తప్పు. ఊయల నిలువు నుంచి 60 డిగ్రీల దాకా లేస్తే, తిరిగి కిందికి వచ్చిన క్షణంలో గొలుసుల మీద పడే బరువు పిల్లవాడి బరువుకు రెండింతలు. 30 కిలోల పిల్లవాడంటే 60 కిలోలన్నమాట, అదీ ప్రతి ఊపుకూ. ఆ లాగుడంతా స్క్రూ మరల మీదే పడుతుంది. ఎండకు కట్టె కుంచించుకున్నకొద్దీ పట్టు వదులై ఒకనాడు కొక్కెం ఊడి వస్తుంది. దీనికి బదులు 12 ఎంఎం కంటి బోల్టు (తల దగ్గర గుండ్రటి కన్ను ఉండేది), 8 అంగుళాల పొడవుది, దూలం ఆరుపారు దిగేలా వెయ్యాలి. పైన వెడల్పు వాషరు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి తొందరగా వదులు కానిది). సీటుకు రెండు చొప్పున రెండు సీట్లకు నాలుగు. రంధ్రం 13 ఎంఎంతో, సరిగ్గా దూలం వెడల్పు నడిమధ్యన తొలిపించండి. అంచుకు జరిగితే చీలుతుంది.

గొలుసు 6 ఎంఎం జీఐది (జింకు పూత ఉన్నది) తీసుకోండి. వాళ్లిచ్చిన ఎస్ ఆకారపు కొక్కాల నోళ్లు తెరిచే ఉన్నాయి, మీరు కొన్నవైనా సరే వైసులో పెట్టి పూర్తిగా మూయాలి. లేకుంటే లంగా అంచో చున్నీయో అందులో ఇరుక్కుంటుంది. చేతులు పట్టే చోట గొలుసుకు రబ్బరు పైపు తొడిగితే వేళ్లు నలగవు, ఏప్రిల్, మే ఎండలో చురుక్కుమనదు కూడా.

కొలతల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. రెండు సీట్ల మధ్య 24 అంగుళాలు, సీటుకూ పక్క కాలికీ మధ్య 30 అంగుళాల ఖాళీ ఉండాలి. 18 అంగుళాల సీట్లు రెండు వేసి లెక్క కడితే 10 అడుగులు తేలుతుంది. 8 అడుగుల దూలానికి రెండు సీట్లంటే పిల్లలు ఒకరికొకరు తగులుతారు. 11 అడుగుల దూలం అడగండి, పెరిగేది అర సీఎఫ్‌టీ మాత్రమే. లేదంటే ఒక్క సీటుతో సరిపెట్టుకోండి.

బోల్టు కన్ను 7½ అడుగుల ఎత్తులో ఉంటే ముందుకు 15, వెనక్కు 15 అడుగుల జాగ వదలాలి. ప్రహరీ లోపల అంత పెరడు ఎందరికుంటుంది? కాళ్లు కోయించి కన్నును 6 అడుగులకు దించితే ముందూ వెనకా 12 చొప్పున చాలు, పక్కలకు 6 అడుగులు. కింద ఇసుక కనీసం 9 అంగుళాల మందం ఉండాలి. 11 అడుగుల దూలానికి ఎత్తు సెట్టయితే 500 ఘనపుటడుగులు, పొట్టిదైతే 400 పైచిలుకు పడుతుంది. మొరం, క్రషర్ డస్ట్ పొయ్యొద్దు, నాలుగు వానలకు గట్టిపడి బండలా తయారవుతాయి.

పునాది పని షెడ్డు వాళ్లు చెయ్యరు. కాళ్లు గుంతలో పాతి కాంక్రీటు పోయమని సలహా మాత్రం ఇస్తారు. వినకండి. కట్టెకూ కాంక్రీటుకూ సందులో నీళ్లు నిలిచి, నేల మట్టం దగ్గరే కాలు పుచ్చిపోతుంది. 40×40×5 ఎంఎం యాంగిల్ ముక్కలు నాలుగు కాంక్రీటులో నిలిపి, కాలిని నేలకు 2 అంగుళాలు పైన ఉంచి 10 ఎంఎం బోల్టులు రెండేసి వెయ్యండి. గుంత అడుగు చదరం, ఒకటిన్నర అడుగుల లోతు, కలుపు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర). నాలుగు గుంతలకు ఒక బస్తా సిమెంటు పైన కొంచెం పడుతుంది. చెల్క (ఎర్ర ఇసుక) నేలకు ఈ లోతు చాలు. మక్తల్, ఆలంపూర్ వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి అక్కడ రెండున్నర అడుగులకు దిగాలి. పైగా ఈ సెట్టులో కాళ్ల ఎడం 5 అడుగులే. 8 అడుగుల ఎత్తుకు అది తక్కువ, 6½ ఉండేలా కోయించుకోండి. ఎడం తక్కువైతే జోరుగా ఊగినప్పుడు వెనక కాళ్లు లేస్తాయి.

సీటు పలక బాగుంది, అంచులు గుండ్రంగా రాపారు. వార్నిష్ మాత్రం ఎండకు పొరలు పొరలుగా లేస్తుంది. వద్దని చెప్పి, ఏటా వానల ముందు అవిసె నూనె పట్టించుకోండి. చెదలకని వాడేసిన ఇంజనాయిలు పూసే అలవాటు మన దగ్గర ఉంది, పిల్లలు చేతులు పెట్టే చోట అది పనికిరాదు.

కొత్త కట్టె అయితే నెల తిరిగేసరికి నట్లు వదులవుతాయి, కంటి బోల్టులకు 19 నంబరు పానా ఇంట్లో ఉంచుకుని బిగించండి, ఎండాకాలం అయ్యాక మళ్లీ ఒకసారి. కాళ్ల మీద పొడవునా సన్న పగుళ్లు వస్తే భయం లేదు. దూలంలో కంటి బోల్టు రంధ్రం నుంచి పగులు మొదలైతే మాత్రం సీటు దించేసి దూలం మార్పించాలి.