తుపాకీ హక్కుల సంఘంలో చేరబోతున్న అమెరికా తెలుగువారికి ఒక హెచ్చరిక

గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు నడుపుకొనేవారికి, రాత్రి షిఫ్టుల్లో ఒంటరిగా కౌంటరు దగ్గర నిలబడేవారికి ఇంట్లోనో దుకాణంలోనో ఒక తుపాకీ ఉంటే మంచిదన్న ఆలోచన ఎందుకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అలా తుపాకీ కొన్న కొద్ది రోజులకే, ఒక్కోసారి కొనకముందే, తుపాకీ హక్కుల కోసం పోరాడతామనే ఏదో ఒక సంఘం సభ్యత్వ పత్రం మన చేతికి వస్తుంది. ఆ పత్రం మీద సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న తెలుగువారి కోసం, ముఖ్యంగా వీసా మీద ఉన్నవారి కోసం, మా కుటుంబానికి ఎదురైన అనుభవాన్ని, దాని తరువాత చదివి తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను. నేను గ్రీన్‌కార్డు ఉన్నవాడిని, చట్టప్రకారం తుపాకీ కొన్నవాడిని, తుపాకీ కలిగి ఉండేందుకు అమెరికా రాజ్యాంగ రెండో సవరణ ఇచ్చిన హక్కును గౌరవించేవాడిని. కనుక ఇది తుపాకులకు గానీ, హక్కుల పోరాటానికి గానీ వ్యతిరేకంగా రాస్తున్నది కాదు.

టెక్సాస్‌లో మా ఊరికి దగ్గరగా జరిగిన ఒక గన్ షోకు, అంటే తుపాకుల ప్రదర్శన, అమ్మకాల సంతకు, నేనూ, హెచ్-1బీ మీద పనిచేస్తున్న మా బావమరిదీ కలిసి వెళ్ళాం. ప్రవేశం దగ్గరే ఒక సంఘం వారు బల్ల వేసుకొని కూర్చున్నారు. సభ్యత్వం తీసుకుంటే లోపలికి వెళ్ళే టికెట్టు డబ్బు తామే కడతామనీ, మొదటి ఏడాది చందా బాగా తగ్గించి ఇస్తామనీ, శిక్షణ, న్యాయసహాయం, బీమా అన్నీ ఆ ఒక్క కార్డుతోనే వస్తాయనీ అక్కడి ప్రతినిధి చెప్పాడు. మా బావమరిది తన వీసా సంగతి దాచకుండా చెప్పి, తాను చేరితే ఏమైనా ఇబ్బంది ఉంటుందా అని అడిగాడు. ఎవరైనా చేరవచ్చనీ, వచ్చే శిక్షణ శిబిరానికి తప్పక రమ్మనీ, తుపాకీ కూడా తామే ఇస్తామనీ ఆయన జవాబిచ్చాడు. ఇద్దరి క్రెడిట్ కార్డుల వివరాలూ తీసుకున్నారు.

శిక్షణ రోజున షూటింగ్ రేంజ్ (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) వారి పత్రంలో వీసా గురించిన ప్రశ్న ఉంది. మా బావమరిది రాసిన జవాబు చూసి, ఆ రేంజ్ ఉద్యోగి తుపాకీ ఇవ్వనని మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పాడు. సంఘం ప్రతినిధికి పట్టని సంగతి ఆ ఉద్యోగికి పట్టింది. ఆయనకు మా కుటుంబం రుణపడి ఉంది. ఇంటికి వచ్చి రసీదు తీసి చూస్తే, చెల్లించిన మొత్తంలో కొంత చందా కింద కాకుండా, సంఘానికి చెందిన రాజకీయ కమిటీకి విరాళంగా నమోదై ఉంది. ఏడాది తిరిగేసరికి ముందస్తు కబురేమీ లేకుండా పూర్తి ధర కార్డు మీద పడింది. ఫోన్ చేస్తే ఉత్తరం రాయమన్నారు, ఉత్తరం రాశాక మరో మొత్తం పడింది. మేమెన్నడూ చిరునామా ఇవ్వని సంస్థల నుంచి కూడా విరాళాలు అడిగే ఉత్తరాలు రావడం మొదలైంది.

డబ్బు పోయిందన్నది ఇందులో చిన్న సంగతి. వీసా సంగతి పెద్దది. 1968 నాటి గన్ కంట్రోల్ చట్టానికి 1998లో చేర్చిన నిబంధన ప్రకారం, నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండేందుకు ఇచ్చే వీసా) మీద ఈ దేశానికి వచ్చినవారు తుపాకీని గానీ, తూటాలను గానీ కలిగి ఉండకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, తల్లిదండ్రులు వచ్చే విజిటర్ వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టుకొని ఏళ్ల తరబడి వరుసలో ఎదురుచూస్తున్నప్పటికీ, హెచ్-1బీ మీద ఉన్నంతకాలం మనిషి ఈ నిషేధంలోనే ఉంటాడు. తుపాకీ కొంటేనే నేరమనీ, రేంజ్‌లో అద్దెకు తీసుకొని నాలుగు తూటాలు కాల్చి తిరిగి ఇచ్చేస్తే ఫరవాలేదనీ మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. చేతిలోకి తీసుకొని కాల్చడం కూడా కలిగి ఉండటమే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను సరదాగా రేంజ్‌కు తీసుకువెళ్లి, ఫొటో కోసం వారి చేతికి తుపాకీ ఇచ్చే కొడుకులూ కూతుళ్లూ ఈ వాక్యాన్ని మరొక్కసారి చదవాలని కోరుతున్నాను.

ఈ నిషేధానికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనవాళ్లకు వర్తించేది సాధారణంగా ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. టెక్సాస్‌లో మామూలు వార్షిక వేట లైసెన్సును ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో దాని గడువు ముగుస్తుంది కనుక, నిరుటి లైసెన్సు జేబులో పెట్టుకొని సెప్టెంబరులో రేంజ్‌కు వెళ్లినవారికి ఆ రక్షణ ఉండదు. ఈ నిబంధనను ఉల్లంఘిస్తే పడే గరిష్ఠ శిక్షను 2022లో పదేళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు. దానికి తోడు, తుపాకీకి సంబంధించిన చట్టాన్ని ఉల్లంఘించినట్లు శిక్ష పడితే, వలస చట్టం ప్రకారం ఆ వ్యక్తిని దేశం నుంచి పంపివేయవచ్చు. ఇందులో గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా మినహాయింపు లేదు.

ఇదంతా కాగితాల మీద ఉండే భయమని అనుకునేవారు రెహైఫ్ కేసు గురించి తెలుసుకోవాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి విద్యార్థి వీసా మీద వచ్చిన ఆ యువకుడిని, మార్కులు సరిగా రాక విశ్వవిద్యాలయం తొలగించింది. ఆ తరువాత అతడు ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కు వెళ్లి తుపాకీ కాల్చాడు. చట్టవిరుద్ధంగా దేశంలో ఉంటూ తుపాకీ కలిగి ఉన్నాడని కేసు పెట్టారు, శిక్ష కూడా పడింది. నిందితుడికి తన స్థితి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ఆ మాట చెప్పించుకోవడానికి అతడు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చింది. వీసా స్థితి స్పష్టంగా తెలిసి, రేంజ్ పత్రం మీద తానే రాసి సంతకం పెట్టిన హెచ్-1బీ ఉద్యోగికి ఆ తీర్పు వల్ల ఏ మేలూ జరగదు.

సంఘంలో సభ్యుడిగా చేరడం వీసా మీద ఉన్నవారికి నేరం కాదు. ఆ కార్డుతో పాటు వచ్చే ఆహ్వానాలే వారిని నేరంలోకి నెట్టగలవు. శిక్షణ శిబిరం అందులో ఒకటైతే, రాజకీయ విరాళం రెండోది. అమెరికా ఎన్నికల చట్టం ప్రకారం విదేశీయులు కేంద్ర, రాష్ట్ర, స్థానిక ఎన్నికల్లో దేనికీ విరాళం ఇవ్వకూడదు. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రమే ఇవ్వవచ్చు. తుపాకీ హక్కుల సంఘాలలో చాలావాటికి పొలిటికల్ యాక్షన్ కమిటీలు, అంటే ఎన్నికల కోసం డబ్బు సేకరించి ఖర్చుపెట్టే రాజకీయ కమిటీలు, ఉంటాయి. సభ్యుడికి వచ్చే ఉత్తరాలలో చందాకు, సంఘం నిధికి, కమిటీకి ఇచ్చే డబ్బుకు తేడా ఒక్కోసారి చిన్న అక్షరాలలో మాత్రమే కనిపిస్తుంది. మా బావమరిది రసీదులో కనిపించినది అదే. ప్రతినిధి పూర్తి చేసి ఇచ్చే పత్రంలో ముందే టిక్ పెట్టి ఉన్న గడులను ఒక్కొక్కటిగా చదవనిదే సంతకం పెట్టవద్దు.

చందాకు ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందని కూడా బల్లల దగ్గర చెబుతుంటారు. హక్కుల కోసం లాబీయింగ్ చేసే, అంటే చట్టసభల మీద ఒత్తిడి తెచ్చే, పెద్ద సంఘాలు ఎక్కువగా పన్ను చట్టంలోని 501(సి)(4) సెక్షన్ కింద నమోదైనవి. వాటికి ఇచ్చిన చందాను ధర్మవిరాళంగా చూపించి పన్ను తగ్గించుకోవడానికి వీలులేదు. 501(సి)(3) కింద నమోదైన ఫౌండేషన్లకు ఇచ్చినదానికే ఆ వీలుంది. ఒకే పేరుతో రెండూ నడిచే చోట డబ్బు ఎటు వెళుతోందో అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి.

మా అనుభవంలోని సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ, సభ్యుల డబ్బుకు ఏమవుతుందో తెలియాలంటే, కోర్టులో తేలిన వేరొక సంస్థ వ్యవహారం చూస్తే చాలు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1871లో న్యూయార్క్‌లో పుట్టింది. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పనిచేసిన ఇద్దరు సైనికాధికారులు, సైనికులకు గురి నేర్పాలన్న ఉద్దేశంతో దాన్ని స్థాపించారు. 1975లో లాబీయింగ్ విభాగం ఏర్పడింది, 1977లో సిన్సినాటీ సమావేశంలో సభ్యులు పాత నాయకత్వాన్ని దించాక రాజకీయమే దాని ప్రధాన ముఖమైంది. 1991 నుంచి దాన్ని నడిపించిన వేన్ లాపియేర్ మీద, సంస్థ మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ 2020 ఆగస్టులో కేసు వేశారు. 2021 జనవరిలో ఆ సంస్థ టెక్సాస్‌లో దివాలా పిటిషన్ వేస్తే, అది సద్భావంతో వేసినది కాదని దివాలా కోర్టు మే నెలలో కొట్టివేసింది. 2024 ఫిబ్రవరిలో మాన్‌హట్టన్ జ్యూరీ, లాపియేర్ వల్ల సంస్థకు 54 లక్షల డాలర్ల నష్టం జరిగిందని తేల్చి, అప్పటికే తిరిగి ఇచ్చినది పోగా సుమారు 43 లక్షల డాలర్లు కట్టాలని నిర్ణయించింది. అదే ఏడాది జూలైలో, పదేళ్లపాటు ఆ సంస్థలో ఆయన జీతం తీసుకునే పదవి చేపట్టరాదని న్యాయమూర్తి నిషేధించారు. విచారణలో బయటపడిన ప్రైవేటు విమాన ప్రయాణాల ఖర్చులు, గన్ షోలలో బల్లల దగ్గర మనలాంటివారు కట్టిన చందాలతో నడిచే సంస్థవి. నాయకత్వం మారింది, సంస్థ తనను తాను సరిచేసుకుంటున్నానని అంటోంది. అది ఎంతవరకు నిజమో సభ్యులే లెక్కలు అడిగి తేల్చుకోవాలి.

ఆ లెక్కలు చూడటం కష్టం కాదు. ఇలాంటి సంస్థలు ఏటా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు సమర్పించే ఫారం 990ని ఎవరైనా చదవవచ్చు. అందులో ముఖ్య అధికారుల జీతాలు, విరాళాలు సేకరించడానికైన ఖర్చు, న్యాయవాదులకు ఇచ్చిన మొత్తం ఉంటాయి. విరాళాల సేకరణకే ఎక్కువ ఖర్చు పెట్టే సంఘం మీకు పంపే ప్రతి అత్యవసర ఉత్తరాన్నీ ఆ అంకెల వెలుగులో చదవండి. ఓటు హక్కు గురించి కూడా అడగండి. నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌లో జీవితకాల సభ్యులకు, లేదా వరుసగా ఐదేళ్లు వార్షిక సభ్యులుగా ఉన్నవారికే ఆ హక్కు ఉంటుంది. మొదటి ఏడాది చందాదారుడికి సంస్థ నడకలో ఏ మాటా ఉండదన్నమాట.

బీమా గురించి మరింత జాగ్రత్త అవసరం. ఆత్మరక్షణలో తుపాకీ వాడితే న్యాయవాది ఖర్చులు భరిస్తామని చెప్పే పథకాలను కొన్ని సంఘాలు అమ్ముతాయి, లేదా ఇతరుల పథకాలను తమ పేరుతో ప్రచారం చేస్తాయి. 2017లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ క్యారీ గార్డ్ అనే పథకం తెచ్చింది. న్యూయార్క్ ఆర్థిక సేవల శాఖ దాన్ని చట్టవిరుద్ధమని ఆక్షేపించి, దాన్ని నడిపిన లాక్టన్ కంపెనీ చేత 2018లో 70 లక్షల డాలర్లు, బీమా కంపెనీ చబ్ చేత 13 లక్షల డాలర్లు జరిమానాగా కట్టించింది. 2020లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ కూడా 25 లక్షల డాలర్లు చెల్లించి, ఐదేళ్లపాటు ఆ రాష్ట్రంలో బీమా వ్యాపారం చేయనని ఒప్పుకుంది. మాకు బల్ల దగ్గర చెప్పిన బీమా, తీరా పత్రాలు చదివితే, తుపాకీ దొంగతనానికి గురైతే కొద్ది మొత్తం చెల్లించేది మాత్రమే. దుకాణంలో ఎదురుకాల్పులు జరిగి కేసు పడితే ఒక్క డాలరు కూడా రాదు. దుకాణదారులు ఏ పథకమైనా కొనేముందు, ఖర్చు ముందుగా ఇస్తారా, లేక నిర్దోషిగా తేలాకే తిరిగి ఇస్తారా, మీ రాష్ట్రంలో దానికి అనుమతి ఉందా అన్న ప్రశ్నలకు పాలసీ కాగితంలోనే జవాబు వెతకాలి.

హక్కుల కోసమే డబ్బు ఇవ్వదలచినవారు, కోర్టులలో నిజంగా ఎవరు వాదించారో చూడాలి. ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని చెప్పిన 2008 నాటి హెల్లర్ కేసును మొదలుపెట్టినది పెద్ద సంఘం కాదు, రాబర్ట్ లెవీ అనే న్యాయవాది సొంత డబ్బుతో పూనుకొని, మరి కొందరు న్యాయవాదులతో కలిసి నడిపినది. ఆ హక్కు రాష్ట్రాలకూ వర్తిస్తుందన్న 2010 నాటి మెక్‌డొనాల్డ్ కేసులో, 1974లో ఏర్పడిన సెకండ్ అమెండ్‌మెంట్ ఫౌండేషన్ పాలుపంచుకుంది. బయట తుపాకీ ధరించే హక్కు మీద 2022లో వచ్చిన బ్రూయెన్ తీర్పు, న్యూయార్క్ రాష్ట్ర స్థాయి సంఘం వేసిన కేసులో వచ్చింది. పేరు పెద్దదైనంత మాత్రాన పని కూడా పెద్దదని అనుకోనక్కరలేదు. శిక్షణే కావలసినవారికి స్థానిక రేంజ్‌లో అనుభవమున్న శిక్షకుడి దగ్గర ఒక తరగతి చాలు, దానికి ఏ కార్డూ అక్కరలేదు.

ఇప్పటికే చేరి డబ్బు పోగొట్టుకుంటున్నవారు, రద్దు చేయమంటూ సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపి నకలు దగ్గర పెట్టుకోండి. వద్దన్నాక కూడా కార్డు మీద మొత్తం పడితే, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల లోపల కార్డు ఇచ్చిన బ్యాంకుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపండి. మా డబ్బు ఆ దారిలోనే తిరిగి వచ్చింది. ఫోన్లు ఆపడానికి డు నాట్ కాల్ జాబితా (అమ్మకాల ఫోన్లు వద్దనేవారు నంబరు నమోదు చేసుకునే ప్రభుత్వ జాబితా) సరిపోదు. రాజకీయ, ధర్మ సంస్థల పిలుపులకు అది వర్తించదు కనుక, ఇకపై పిలవవద్దని ఆ సంస్థకే నేరుగా చెప్పాలి. వీసా మీద ఉండి రాజకీయ కమిటీకి విరాళం ఇచ్చినట్లు రసీదులో కనిపించినవారు, రేంజ్‌లో తుపాకీ కాల్చినవారు, ఆ కాగితాలను పారవేయకుండా, ఎవరికీ ఏమీ రాయకుండా, ముందుగా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవండి. పరిస్థితి చక్కదిద్దే ప్రయత్నంలో సంఘానికి పంపే ఈమెయిల్ కూడా తరువాత సాక్ష్యం కావచ్చు.